సముద్రపుటొడ్డున మన విస్తరి: శాన్ రామన్ నుంచి మాంటెరే దాకా ఒక రుచుల చరిత్ర

సముద్రతీర విహారం మన తెలుగువారికి కొత్త కాదు. కార్తీక పౌర్ణమికి మంగినపూడికి, మాఘ పౌర్ణమికి సూర్యలంకకో వాడరేవుకో బండ్లు కట్టుకొని వెళ్ళి, సముద్రస్నానం చేసి, తెచ్చుకున్న పులిహోర మూట విప్పి ఇసుకలో కూర్చుని తినడం తీరాంధ్రంలో తరతరాలుగా వస్తున్న వేడుక. స్నానం పుణ్యానికి, తిండి సంతోషానికి. రెండూ కలిస్తేనే ప్రయాణం పూర్తయినట్లు మన పెద్దలు భావించేవారు.

మన శాన్ రామన్ సముద్రపుటొడ్డున లేదు. డయాబ్లో కొండ నీడన ఉన్న లోయ ఇది. 1983లో నగరమైన ఈ ఊరు అంతకు ముందు పియర్ తోటలకూ వాల్‌నట్ తోటలకూ పశువుల మేతబీళ్ళకూ పేరు పొందింది. 1891లో ఇక్కడికి రైలు వచ్చింది, పండ్లూ ధాన్యమూ మోసింది, 1978 నాటికి ఆగిపోయింది. ఆ పట్టాల దారినే ఈనాడు మనం ఐరన్ హార్స్ ట్రయిల్ అని పిలుస్తూ సాయంత్రాలు నడుస్తున్నాం. అయితే కొండలు దాటి, బే మీది వంతెన దాటి పడమటికి వెళితే గంటా గంటంబావులో హాఫ్ మూన్ బే వస్తుంది. మరికొంత ఓపిక ఉంటే శాంటాక్రూజ్, ఇంకొంచెం ఓపిక ఉంటే మాంటెరే. వేసవి సెలవులకు, థాంక్స్‌గివింగ్ మర్నాడు, ఇండియానుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు, మన కుటుంబాలన్నీ ఈ దారులే పడతాయి.

ఆ తీరాన ఏ దుకాణంలో ఏది బాగుంటుందో మన పిల్లలకు కొట్టినపిండి. కాని ఆ తిండి అక్కడికి ఎలా వచ్చింది, దాన్ని ఎవరు తెచ్చారు, తెచ్చినవారికి ఏం జరిగింది అన్న సంగతి వారికి చెప్పినవారు తక్కువ. ఆ కథ తెలుసుకోవడం మనకు అవసరం. ఎందుకంటే అది ఆద్యంతం వలస వచ్చినవారి కథ. మనమూ వలస వచ్చినవారమే.

చల్లని నీరు, నిండిన వల

మొట్టమొదట ఒక చిన్న సందేహం తీర్చుకుందాం. శాన్ రామన్‌లో జూలై నెలలో ఎండ మండిపోతుంటే, సముద్రానికి వెళ్ళిన మనవారు చలికి వణికి, కారులోని దుప్పట్లు కప్పుకొని కూర్చుంటారు. విశాఖ సముద్రంలో గంటలకొద్దీ మునిగి తేలిన తాతగారు ఇక్కడ పాదం తడిపి వెనక్కి తీస్తారు. కారణం ఏమిటి?

వసంతంలోనూ వేసవిలోనూ ఈ తీరం వెంట వాయవ్య దిశనుంచి గాలి వీస్తుంది. ఆ గాలికి పైనీరు తీరంనుంచి దూరంగా జరిగిపోతుంది. దాని చోటును నింపడానికి అడుగునుంచి చల్లని నీరు పైకి ఉబుకుతుంది. అడుగునీటిలో ఎరువులాంటి లవణాలు పుష్కలం. అవి వెలుతురులోకి రాగానే కంటికి కనిపించనంత సన్నని పాచి పెరుగుతుంది, ఆ పాచిని తిని చిన్న చేపలు, వాటిని తిని పెద్ద చేపలు, వాటికోసం పక్షులు, సీలు జంతువులు, తిమింగిలాలు చేరతాయి. మనల్ని ఈతకు దిగనివ్వని చలే ఈ తీరానికి అన్నం పెట్టే తల్లి అన్నమాట. మన బంగాళాఖాతం సంగతి వేరు. అక్కడి నీరు వెచ్చన, దానికి బలం గోదావరీ కృష్ణల వంటి నదులు మోసుకొచ్చే ఒండ్రు.

గుల్లల దిబ్బలు

ఈ తీరంలో మొదట వంట చేసుకున్నవారు ఓలోనీ ప్రజలు. మన లోయలోనూ ఓలోనీ, బే మివాక్ భాషలు మాట్లాడే జనం వేలయేళ్ళు నివసించారు. సింధూరపు చెట్టు జాతికి చెందిన ఓక్ కాయలను దంచి, ఆ పిండిని మళ్ళీ మళ్ళీ నీటితో కడిగి వగరు పోగొట్టి, జావ కాచుకోవడం వారి నిత్యభోజనం. మన ఇళ్ళ వెనక కొండమీది ఓక్ చెట్లు ఒకనాడు ఇక్కడివారికి వరిచేలు.

బే ఒడ్డున ఉన్నవారికి గుల్లలు, ఆలిచిప్పలు, చేపలు, నీటిపక్షులు ఆహారం. తిని పారేసిన గుల్లలు తరాల తరబడి పేరుకొని చిన్న కొండలంత దిబ్బలయ్యాయి. ఆ దిబ్బలలో తమ పెద్దలను కూడా సమాధి చేసుకున్నారు. ఎమరీవిల్‌లోని దిబ్బను 1902లో మాక్స్ ఊలె అనే పురాతత్త్వవేత్త తవ్వి పరిశీలించాడు. 1924లో దాన్ని చదునుచేసి కర్మాగారానికి స్థలంగా మార్చారు. ఈనాడు ఆ చోట అంగళ్ళున్నాయి. పక్కనున్న వీధికి మాత్రం షెల్‌మౌండ్ స్ట్రీట్ అన్న పేరు మిగిలింది. అక్కడికి మనవారు సామాన్లు కొనడానికి తరచు వెళుతుంటారు. ఒక జాతి తిన్న అన్నమంతా వీధిపేరులో రెండు మాటలుగా మిగిలిందంటే మనసు కలుక్కుమంటుంది.

పులిసిన పిండి, పీతల కుండ

1848లో బంగారం దొరికింది. మరుసటి ఏటికల్లా శాన్ ఫ్రాన్సిస్కో రేవు ఓడలతో నిండిపోయింది. బంగారం తవ్వినవారిలో ఎక్కువమంది వట్టిచేతులతో మిగిలారు గాని, వారికి అన్నం పెట్టినవారు నిలదొక్కుకున్నారు. ఇసిడోర్ బుడాన్ అనే ఫ్రెంచి రొట్టెలవాడు 1849లో పెట్టిన బేకరీ ఈనాటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. ఇటలీలో పుట్టి, దక్షిణ అమెరికాలోని లీమాలో మిఠాయి వ్యాపారం చేసి, బంగారు వేటకు వచ్చిన డొమింగో గిరార్డెల్లి 1852లో చాక్లెట్ కంపెనీ స్థాపించాడు. రేవు దగ్గర ఆయన పేరున్న ఎర్ర ఇటుకల భవనాలే ఇప్పటి గిరార్డెల్లి స్క్వేర్.

ఆ ఊరి పుల్లరొట్టె, అంటే సవర్‌డో, రహస్యమేమిటో చాలాకాలం ఎవరికీ తెలియలేదు. పొగమంచు మహిమ అన్నవారున్నారు, నీటి మహిమ అన్నవారున్నారు. బర్క్‌లీ పక్కనున్న ఆల్బనీలోని ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనశాలలో క్లైన్, సుగిహారా అనే శాస్త్రజ్ఞులు 1971లో ఆ పులుపుకు కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టి, దానికి శాన్ ఫ్రాన్సిస్కో పేరే పెట్టారు. ఇది విని మన ఇల్లాళ్ళు నవ్వుకోవచ్చు. రాత్రి రుబ్బిన ఇడ్లీపిండి తెల్లవారేసరికి పొంగడం కూడా ఇలాంటి సూక్ష్మజీవుల పనే. నిన్నటి పిండి కొంచెం మిగిల్చి నేటి పిండిలో కలపడం, పెరుగుకు తోడు వేయడం, ఈ రొట్టెలవాళ్ళు పాత ముద్దను దాచి కొత్త ముద్దలో కలపడం, అన్నీ ఒకే విద్య. తోడు తెగకుండా చూసుకోవడమే అందులోని కిటుకు. అమెరికా వచ్చిన తొలి రోజుల్లో మన ఆడవారు పెరుగుతోడు కోసం పడిన అవస్థ తెలిసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఇక పీతలు. డంజినెస్ అనే పీత ఇక్కడి తీరానికి మకుటం. ఆ పేరు పైనున్న వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒక ఊరిది. ఇటలీలోని జెనోవా ప్రాంతంనుంచి, తర్వాత సిసిలీ దీవినుంచి వచ్చిన బెస్తలు శాన్ ఫ్రాన్సిస్కో రేవులో స్థిరపడి, పెద్ద గంగాళాలలో నీరు మరగబెట్టి వీధిపక్కనే పీతలు ఉడికించి అమ్మడం మొదలుపెట్టారు. ఆనాటి ఏ పడవలో ఏది దొరికితే అది, పీతో చేపో ఆలిచిప్పో, టమాటాలూ వెల్లుల్లీ ద్రాక్షసారాతో ఒకే కుండలో ఉడికిస్తే వచ్చిన వంటకం చొప్పీనో. జెనోవా వారి చుప్పీన్ అనే చేపల చారు పేరే ఇలా మారింది. పక్కన పుల్లరొట్టె ముక్క పెట్టుకొని ముంచుకు తింటారు. మనవారు దీన్ని మొదటిసారి రుచి చూసి, "చింతపండు వెయ్యని చేపల పులుసులా ఉంది" అంటారు. అది నిందకాదు, బంధుత్వం గుర్తించడం.

పీత కొనేవారు కొన్ని సంగతులు తెలుసుకోవాలి. వేటగాళ్ళు అమ్మకానికి మగ పీతలనే పట్టాలి. డిప్ప వెడల్పు ఆరుంబావు అంగుళాలకు తగ్గకూడదు. ఆడపీతలను తిరిగి నీటిలో వదిలేస్తారు. ఆ నియమం వల్లనే ఇన్నాళ్ళూ ఈ జాతి నిలిచింది. పూర్వం నవంబరు నడుమ వేట మొదలై థాంక్స్‌గివింగ్ పండుగకు పీత పళ్ళెంలోకి వచ్చేది. 2015లో సముద్రం వేడెక్కి, ఒక పాచి విషం పీతలలో చేరడంతో వేట 2016 మార్చిదాకా ఆగిపోయింది. ఆ తర్వాత, పీతల బుట్టల తాళ్ళలో తిమింగిలాలు చిక్కుకుంటున్నందున చాలా ఏళ్ళు వేట ఆలస్యంగా మొదలవుతోంది. హాఫ్ మూన్ బే పక్కనున్న పిల్లర్ పాయింట్ రేవులో పడవ దగ్గరికే వెళ్ళి బతికున్న పీతలు కొనుక్కోవచ్చు. అయితే మన పీతల పులుసులో అన్నీ కలిపి ఉడికిస్తాం కదా, పాచి విషం గురించి హెచ్చరిక ఉన్న రోజుల్లో మాత్రం అలా చేయరాదు. లోపలి మెత్తని భాగం తీసివేసి, ముందు విడిగా ఉడికించి, ఆ నీరు పారబోసి, తర్వాతనే పులుసులో వేయాలి. అలాగే మే 1 నుంచి అక్టోబరు 31 దాకా ఈ తీరంలో రాళ్ళకు అంటుకున్న మసెల్ గుల్లలను ఏరుకొని వండుకోవడం నిషిద్ధం. పిల్లలు సరదాపడి ఏరినా తినకూడదు.

వాసన తెచ్చిన తగవు

మాంటెరే పక్కనున్న పసిఫిక్ గ్రోవ్‌కు వెళ్ళినవారు అక్కడి అందమైన ఇళ్ళను చూసి మురిసిపోతారు. అక్కడ సముద్రపుటొడ్డున హాప్కిన్స్ సముద్రశాస్త్ర పరిశోధనశాల ఉన్న చోట ఒకనాడు ఒక చీనా పల్లె ఉండేది. 1850ల తొలినాళ్ళలో వచ్చిన చీనా బెస్తలు కుటుంబాలతో అక్కడ కాపురముండి, అబలోని గుల్లలు ఏరి, చేపలు పట్టి, ఎండబెట్టి తమ దేశానికి ఎగుమతి చేసేవారు. తర్వాత వచ్చిన ఇటలీ బెస్తలతో పోటీ వచ్చేసరికి, వారు పగటి వేట వదిలి రాత్రి వేట పట్టారు. పడవ ముందు ఇనుప బుట్టలో దేవదారు కట్టెలు మండించి, ఆ వెలుగుకు పైకి వచ్చే స్క్విడ్లను వలవేసి పట్టేవారు. చీకటి సముద్రంమీద ఆ మంటల వరుస చూడడానికి ఊరివారు ఒడ్డున గుమిగూడేవారట.

కాని తెల్లవారాక అవే స్క్విడ్లు మైదానంలో ఎండుతుంటే, ఆ వాసన భరించలేమని అదే ఊరివారు గొడవకు దిగారు. 1882 నాటి చట్టం చీనా కూలీల రాకను అప్పటికే అడ్డుకుంది. పల్లె భూమి సొంతదారయిన కంపెనీ వారిని వెళ్ళగొట్టాలని చూసింది. 1906 ఏప్రిల్ 18న శాన్ ఫ్రాన్సిస్కోలో మహాభూకంపం వచ్చింది. మే 16 రాత్రి ఈ పల్లె తగలబడిపోయింది. కాలిన ఇళ్ళను తిరిగి కట్టుకోనివ్వలేదు. వారిని అక్కడనుంచి కదిలించారు.

ఇప్పుడు మాంటెరే రేవులో ఏ భోజనశాలకు వెళ్ళినా కలమారి పళ్ళెం ఉంటుంది. పిండిలో ముంచి నూనెలో వేయించిన స్క్విడ్ ముక్కలు, నిమ్మకాయ బద్ద. మన బజ్జీలకు దూరపు చుట్టం. కాలిఫోర్నియా వేటలో స్క్విడ్‌ది ఈనాడు అగ్రశ్రేణి. ఆ రాత్రి వేటకు ఇక్కడ దారి చూపినవారి పల్లె మాత్రం బూడిదయింది.

ఈ కథ మన పిల్లలకు తప్పక చెప్పాలి. ఇంగువ పోపు వాసన మేడమీది ఇంటికి పోతుందని కిటికీలు మూసి వంట చేసిన రోజులు మనలో చాలామందికి గుర్తు. బడిలో డబ్బా విప్పితే తోటివారు ముక్కు మూసుకున్నారని, మరునాటినుంచి పెరుగన్నం వద్దని రొట్టె పట్టుకెళ్ళిన పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఒకరి వంట వాసన ఇంకొకరికి నచ్చకపోవడం సహజమే. ఆ నచ్చకపోవడం ద్వేషంగా మారితే ఎక్కడిదాకా పోతుందో పసిఫిక్ గ్రోవ్ చెబుతుంది. మన వంటకు మనం సిగ్గుపడరాదు, ఇతరుల వంటను మనం వెక్కిరించరాదు. ఎండుచేపల వాసన చూసి ముఖం చిట్లించే మన శాకాహారులకూ ఈ మాట వర్తిస్తుంది.

కనుమరుగయిన రుచులు

అబలోని అనేది రాళ్ళను పట్టుకొని బతికే పెద్ద గుల్లప్రాణి. డిప్ప లోపలి భాగం ఇంద్రధనుస్సులా మెరుస్తుంది. మాంటెరేకు దక్షిణాన పాయింట్ లోబోస్ వద్ద గెన్నోసుకే కొదాని అనే జపాను దేశస్థుడు పంతొమ్మిదో శతాబ్దం చివర స్థిరపడి, జపాను గజ ఈతగాళ్ళను రప్పించి, అబలోనిని డబ్బాల్లో నింపే పరిశ్రమ నడిపాడు. ఎర్నెస్ట్ డోల్టర్ అనే జర్మనీ దేశస్థుడు ఆ గట్టి మాంసాన్ని పలచగా కోసి, దంచి మెత్తబరచి, గుడ్డులో రొట్టెపొడిలో దొర్లించి వేయించి వడ్డించేసరికి ఊరంతా ఎగబడ్డారు. చీనావారు ఏరింది, జపానువారు మునిగి తెచ్చింది, జర్మనీవాడు వండింది, అమెరికనులు మెచ్చింది అబలోని.

ఆ మెప్పే దానికి ముప్పయింది. 1997లో కాలిఫోర్నియా అంతటా అమ్మకపు వేట ఆపేశారు. సరదాకు పట్టుకునే వేటనూ 2018లో మూసేశారు. సముద్ర నక్షత్రాలకు తెగులు తగిలి చచ్చిపోవడంతో వాటి ఆహారమైన ముళ్ళ అర్చిన్లు విపరీతంగా పెరిగి, అబలోనికి మేతయిన కెల్ప్ పాచి అడవులను తినివేశాయి. ఇప్పుడు అబలోని తినాలంటే పెంపకంలో పెరిగిందే గతి. మాంటెరే రేవు వంతెన కిందనే పంజరాలలో పెంచుతున్నారు.

సార్డీన్ల కథ ఇంకా పెద్దది. మన విశాఖ జాలరులు కవళ్ళు అని పిలిచే చేపలకు ఇవి దాయాదులు. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్ళలో ఫ్రాంక్ బూత్ మాంటెరేలో డబ్బా కర్మాగారం పెట్టాడు. నార్వేనుంచి వచ్చిన నూట్ హావ్డెన్ యంత్రాలు సమకూర్చాడు. సిసిలీ బెస్త పియెట్రో ఫెరాంటే లాంపారా అనే వల పరిచయం చేశాడు. రెండో ప్రపంచయుద్ధం నాటికి ఒక్క మాంటెరేలోనే ఒక వేటకాలానికి రెండు లక్షల టన్నులకు మించి చేప దిగేది. అందులో చాలా భాగం మనుషుల నోటికి కాదు, కోళ్ళ మేతకూ ఎరువుకూ పోయింది. కర్మాగారపు కూత వినబడగానే ఏ రాత్రివేళైనా ఇటలీ, పోర్చుగల్, స్పెయిన్, ఫిలిప్పీను, జపాను కుటుంబాల ఆడవారూ మగవారూ పనికి పరుగెత్తేవారు.

1940ల చివరికి వలలు ఖాళీగా లేచాయి. అధికవేట ఒక కారణం, సముద్రపు వేడి చల్లదనాల మార్పు ఇంకో కారణం. జాన్ స్టైన్‌బెక్ 1945లో కేనరీ రో నవల రాసేనాటికి ఆ వైభవానికి చివరి రోజులు. 1958లో ఆ వీధికి నవల పేరే పెట్టారు. 1967లో సార్డీను వేటను నిలిపివేశారు. ఆఖరి కర్మాగారం హావ్డెన్‌ది 1973లో మూతపడింది. ఆ స్థలంలోనే 1984లో మాంటెరే బే అక్వేరియం తెరిచారు. మన పిల్లలు అద్దం వెనక గుండ్రంగా తిరిగే వెండిచేపల గుంపును చూసి చప్పట్లు కొడతారు. ఆ చేపలు ఒకప్పుడు అదే చోట డబ్బాలలోకి వెళ్ళేవని ఒక్కమాట చెప్పండి. 1980లలో సార్డీన్లు తిరిగి వచ్చాయి, వేట మళ్ళీ మొదలయింది, 2015లో మళ్ళీ ఆపవలసివచ్చింది.

సాల్మన్, పులస

గోదావరి జిల్లాలవారికి ఈ పోలిక తట్టకమానదు. సాల్మన్ చేప నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే ఎదురీదుతుంది. మన పులసదీ దాదాపు అదే తీరు. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరదల వేళ గోదావరి ఎర్రనీటికి ఎదురీది వస్తేనే పులస అనిపించుకుంటుంది. పుస్తెలమ్మయినా పులస తినాలన్న సామెత ఊరికే పుట్టలేదు. మట్టికుండలో, సన్నని సెగమీద, బెండకాయలు వేసి పులుసు కాచి, మరునాడు తినాలంటారు.

రెండు చేపలకూ ఒకే అడ్డంకి వచ్చింది, ఆనకట్ట. 1847 నుంచి 1852 దాకా సర్ ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం వద్ద కట్టిన ఆనకట్ట డెల్టాకు అన్నం పెట్టింది. కాటన్‌కు మనవారు తర్పణాలు విడిచేంత కృతజ్ఞత చూపారు, అది న్యాయమే. కాని పులస దారి అక్కడితో మూసుకుంది. ఇక్కడ 1945లో పూర్తయిన షాస్తా ఆనకట్ట శాక్రమెంటో నది పైభాగానికి సాల్మన్ దారి మూసింది. మన లోయకు పండ్లూ కూరలూ పంపే శాక్రమెంటో మైదానం ఆ నీటితోనే పండుతోంది. ఒక కంచంలోకి అన్నం వచ్చినప్పుడు ఇంకో కంచంలోంచి చేప పోయిందన్నమాట. కాలిఫోర్నియా సముద్రంలో సాల్మన్ వాణిజ్య వేటను 2008, 2009 సంవత్సరాల్లో పూర్తిగా ఆపారు. మళ్ళీ 2023, 2024, 2025 మూడేళ్ళూ ఆపారు. సముద్రపుటొడ్డు భోజనశాలలో సాల్మన్ కనిపిస్తే అది ఎక్కడిదని అడగడం అమర్యాద కాదు, వివేకం.

శాకాహారులకు, తీపిప్రియులకు

"సముద్రానికి వెళితే మాకేముంది?" అనే శాకాహార కుటుంబాలు మనలో ఎన్నో. వారికీ ఈ తీరం వట్టిచేతులు చూపదు. పొగమంచు కప్పే ఈ తీరపు నేలలు ఆర్టిచోక్ అనే ముళ్ళమొగ్గకు అనువైనవి. ఇటలీ రైతులు మొదట హాఫ్ మూన్ బే ప్రాంతంలో, 1920లలో మాంటెరే దారిలోని కాస్ట్రోవిల్‌లో దీన్ని విరివిగా వేశారు. రేకు ఒక్కొక్కటే వలిచి, మొదలునున్న గుజ్జు పంటితో గీరుకు తినాలి. మునక్కాడ నమలడం వచ్చినవారికి ఇది నేర్పనక్కరలేదు! పెస్కడేరో అనే చిన్న ఊళ్ళో 1894లో మొదలైన డువార్టె వారి భోజనశాల ఆర్టిచోక్ చారుకూ, ఒలాలీ అనే నల్లని పండ్ల పైకూ ప్రసిద్ధి. చారు కాచిన నీరు కూరలదా మాంసానిదా అని మాత్రం ఎక్కడైనా ముందు అడిగి తెలుసుకోవాలి.

పిల్లలకు శాంటాక్రూజ్ ఉంది. 1907లో వెలసిన అక్కడి బోర్డువాక్, 1924నాటి చెక్క రోలర్ కోస్టర్, 1915 నుంచి మారీనీ కుటుంబం చేస్తున్న టాఫీ మిఠాయి. బెల్లంపాకాన్ని లాగి లాగి జీడీలు చేసే మన మిఠాయివాడి పనితనమే అందులోనూ ఉంది. శాన్ ఫ్రాన్సిస్కో సముద్రపుటొడ్డున ప్లేలాండ్ అనే వినోదశాలలో జార్జ్ విట్నీ 1928లో రెండు ఓట్ బిస్కట్ల నడుమ ఐస్‌క్రీమ్ పెట్టి చాక్లెట్‌లో ముంచి ఇట్స్-ఇట్ అని పేరు పెట్టాడు. 1972లో ప్లేలాండ్‌ను పడగొట్టారు గాని ఇట్స్-ఇట్ మన ఊరి దుకాణాల్లోనూ దొరుకుతోంది.

పానీయాల మాట కూడా ఒకటి. 1920నుంచి 1933 దాకా మద్యనిషేధం ఉన్న కాలంలో హాఫ్ మూన్ బే చుట్టుపక్కల చీకటి కోవలలో పడవలనుంచి దొంగసారా దిగేది. మాస్ బీచ్‌లో 1927లో కట్టిన ఒక భోజనశాల ఆ కథలతోనే పేరుపొందింది. శాన్ ఫ్రాన్సిస్కో రేవు దగ్గరి బ్యూనా విస్తాలో 1952లో ఐర్లండు కాఫీని, అంటే విస్కీ కలిపి పైన మీగడ తేల్చిన కాఫీని, ఎన్నో ప్రయత్నాల మీద కుదిర్చారు. మనవారిలో చాలామంది ఫ్లాస్కులో ఫిల్టర్ కాఫీ పోసుకొని వెళతారు. ఆ చలిగాలిలో రెండిటి పనీ ఒకటే, గొంతు వెచ్చబడడం.

మన తీరం, వారి పంట

ఇక మన తీరం సంగతి. విశాఖ రామకృష్ణా బీచిలో సాయంకాలం ఏం తింటాం? మురీ మిక్స్చర్, మిరపకాయ బజ్జీ, బొగ్గులమీద కాల్చి నిమ్మకాయా కారమూ రాసిన మొక్కజొన్న పొత్తు, వేయించిన వేరుశనగకాయలు. మద్రాసు మెరీనాలో పెరిగినవారికి కొబ్బరిముక్కలూ మామిడిముక్కలూ కలిపిన సుండల్. బందరునుంచి వచ్చేవారు లడ్డూ తెస్తారు, కాకినాడవారు కాజా తెస్తారు. వేసవి అయితే ముంజెలు, ఎప్పుడైనా కొబ్బరిబోండం, గోలీసోడా. నెల్లూరు వెళితే మామిడికాయ వేసిన చేపల పులుసు.

ఇందులో ఒక చిత్రముంది. మిరప, మొక్కజొన్న, వేరుశనగ, టమాటా, జీడిపప్పు, బంగాళాదుంప, ఇవన్నీ అమెరికా ఖండాలలో పుట్టినవే. 1492లో కొలంబస్ ఇటు, 1498లో వాస్కో డ గామా అటు చేరాకనే ఇవి ఓడలెక్కి మన రేవులకు వచ్చాయి. అంతకు ముందు మన తెలుగుదేశంలో కారమంటే మిరియమే. శ్రీనాథ మహాకవి మిరపకాయ ఎరుగడు. మిరియం పేరే కొత్తగా వచ్చిన కాయకు అంటుకొని మిరపకాయ అయింది. గుంటూరు మిరపకాయ ఈనాడు లోకప్రసిద్ధం. ఎవరైనా దాన్ని పరాయిదని అంటే మనం ఊరుకుంటామా? పులిహోరలోని చింతపండు చెట్టుకు కూడా పుట్టిల్లు ఆఫ్రికా అని వృక్షశాస్త్రజ్ఞులు చెబుతారు. వచ్చినదాన్ని ఆదరించి, మన చేతివాటంతో మన రుచి చేసుకోవడమే మన వంట గొప్పతనం.

అందుచేత హాఫ్ మూన్ బే ఇసుకలో కూర్చుని, మన పిల్లవాడు కారం రాసిన మొక్కజొన్న పొత్తు కొరుకుతుంటే, పక్కన మెక్సికో కుటుంబం తమ పొత్తుకు నిమ్మరసమూ కారమూ రాసుకుంటుంటే, ఎవరు ఎవరిని అనుకరించారన్న ప్రశ్న లేదు. అయిదు వందల ఏళ్ళ కిందట బయలుదేరిన గింజ భూమి చుట్టి పుట్టింటికి వచ్చింది. వస్తూ వస్తూ మనల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది.

మనం చేయవలసినది

1965 నాటి వలస చట్టం తర్వాత మన తెలుగువారు ఈ దేశానికి పెద్దసంఖ్యలో రాసాగారు. ఇటలీవారు చొప్పీనో ఇచ్చారు, పోర్చుగీసువారు తమ పండుగనాటి సోపాస్ మాంసపు చారు ఇచ్చారు, చీనావారు స్క్విడ్ వేట ఇచ్చారు. ఈ తీరపు రుచుల పట్టికలో మన వంతు ఏమిటి? ఇంకా వ్రాయవలసే ఉంది. డంజినెస్ పీతతో గోదావరి ఇగురు, ఆర్టిచోక్ గుజ్జుతో పచ్చడి, పుల్లరొట్టెలో అద్దుకునే నెల్లూరు పులుసు మన ఇళ్ళలో ఎప్పుడో పుట్టాయి. అవి అమ్మమ్మల చేతిలోనే ఉండిపోతే వారితోనే పోతాయి. కొలతతో సహా కాగితంమీద పెట్టి, ఏ ఊరి చేయి, ఏ ఏట ఈ దేశం వచ్చింది అని పక్కన వ్రాసి దాచితే అది మన చరిత్ర అవుతుంది.

ఈసారి సముద్రానికి వెళ్ళినప్పుడు తాతగారినో బామ్మగారినో పక్కన కూర్చోబెట్టుకొని, వారి చిన్ననాటి రేవులో ఏ చేప దొరికేది, ఏ మిఠాయి తినేవారు అని అడగండి. పాయింట్ లోబోస్‌లో పాత చీనా గుడిసె ఈనాటికీ చిన్న ప్రదర్శనశాలగా నిలిచి ఉంది, దాన్ని పిల్లలకు చూపించండి. తినేది మితంగా, కాలానికి తగినట్లు తినండి. ఇసుకలో ఒక్క కాగితపు పళ్ళెమైనా మిగలకుండా ఏరుకొని రండి.

సముద్రం ఇచ్చేది ఎంతయినా ఇస్తుంది అనుకున్నవారి గతి మాంటెరేలో చూశాం. వచ్చినవారిని పొమ్మన్నవారి కథ పసిఫిక్ గ్రోవ్‌లో విన్నాం. తోడుపిండి దాచుకున్నవారి రొట్టె మాత్రం 1849 నుంచి పొంగుతూనే ఉంది. మనమూ మన తోడు దాచుకుందాం, పక్కింటివారు అడిగితే ఒక గరిటెడు పెడదాం.